ఓడిపోయిన ఓట్ల లెక్క

ఏకగ్రీవం అనే మాటని పేపర్లో చాలాసార్లు చూస్తాం కానీ విడదీసి చూడం. గ్రీవం అంటే మెడ. ఊరంతటికీ కలిపి ఒకటే మెడ అన్నమాట. పది మెడలున్నాయి కాబట్టి రావణాసురుడిని దశగ్రీవుడన్నారు. అంటే మన భాష ప్రకారం మెడ ఒకటైతే మంచితనం, పదైతే రాక్షసత్వం. సరదాకి అంటున్నాను గానీ, ఎన్నికల గురించి మన ఊళ్ళల్లో ఉన్న అభిప్రాయం కూడా దాదాపు ఇంతే. పోటీ జరిగితే "ఊరు రెండుగా చీలింది" అంటారు. పోటీ లేకపోతే "ఊరు కట్టుమీద ఉంది" అంటారు.

ప్రభుత్వాలదీ అదే అభిప్రాయం. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు, ఏకగ్రీవమైన ఊరికి జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ఇస్తామన్నారు. ఇదేమీ ఆ ఒక్క ప్రభుత్వానికి పుట్టిన ఆలోచన కాదు. అంతకుముందువాళ్ళూ ఇచ్చారు, తెలంగాణలోనూ ప్రకటించారు, గుజరాత్‌లో 2001 నుంచి 'సమరస్' అని దీనికో పథకమే ఉంది. ఆంధ్రలో ఆ ఏడు 13 వేల పంచాయతీల్లో 2 వేలకు పైగా ఏకగ్రీవమయ్యాయి. అవి నిజంగా ఇష్టపడి అయినవా, బలవంతంగా చేసినవా అని ఎన్నికల సంఘానికీ ప్రభుత్వానికీ మధ్య పెద్ద రగడే నడిచింది.

ఆ 2 వేల చిల్లరలో మా ఊరొకటి. ప్రజాస్వామ్య సిద్ధాంతాల మీద నేను పుస్తకాలు కొనడం మొదలుపెట్టింది అప్పటినుంచే. ఇంజనీరింగ్ నాలుగేళ్ళలో మాకు పొలిటికల్ సైన్స్ ఒక్క పేపర్ కూడా లేదు. కాబట్టి ఇది పండితుడు రాస్తున్న వ్యాసం కాదు. ఒక ఊళ్ళో జరిగిన దాన్ని పక్కన పెట్టుకుని, రూసో నుంచి ఇప్పటిదాకా కొందరిని చదివితే ఏమనిపించిందో చెప్పడం మాత్రమే.

ముందు ఊరి సంగతి. మాది ప్రకాశం జిల్లాలో ఓ మాదిరి ఊరు. జనాభా మూడు వేలకి అటూఇటూ, కాబట్టి ఆ లెక్కలో మా రేటు 10 లక్షలు. కోవిడ్ వల్ల నేను అప్పటికి పది నెలలుగా అక్కడినుంచే పనిచేస్తున్నాను. ఈసారి సర్పంచ్ పదవి ఎస్సీ మహిళకి రిజర్వయింది. రెండు నామినేషన్లు పడ్డాయి. ఒకావిడ ఊరి పెద్దలు అనుకున్న మనిషి, నెమ్మదస్తురాలు. రెండో ఆవిడ హైస్కూల్లో నాకు రెండేళ్ళు జూనియర్. డిగ్రీ చదివింది, డ్వాక్రా గ్రూపుల లెక్కలన్నీ ఆమే రాస్తుంది. ఎవరూ చెప్పకుండానే వెళ్ళి నామినేషన్ వేసొచ్చింది.

రామాలయం అరుగు మీద మీటింగ్ పెట్టారు. నడిపించింది మా పెదనాన్న. ఎస్సీ కాలనీ నుంచి వచ్చిన నలుగురు మగవాళ్ళు కింద, వేపచెట్టు దగ్గర నిలబడ్డారు. పదవి ఆడవాళ్ళది, కానీ అక్కడ ఒక్క ఆడమనిషి కూడా లేదు. గంటలోపే తేలిపోయింది. ఉపసంహరణ గడువు ఆఖరి రోజు మధ్యాహ్నం రెండో ఆవిడ మండలాఫీసుకి వెళ్ళి నామినేషన్ వెనక్కి తీసుకుంది. సాయంత్రం టపాకాయలు కాల్చారు.

మా పెదనాన్న చెడ్డవాడు కాదు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో విలన్ ఉంటే ఆలోచించాల్సిన పని ఉండేది కాదు. ఆయన ఆ పదిరోజులూ సరిగ్గా అన్నం తినకుండా ఇల్లిల్లూ తిరిగాడు. నేను అడిగితే ఆయన చెప్పింది ఇది: "2013లో చూశావు కదరా. గెలిచినోడు అర ఎకరం అమ్ముకున్నాడు, ఓడినోడు ఎకరం అమ్ముకున్నాడు. మందు తాగి ఇద్దరు ఆస్పత్రి పాలయ్యారు. మనింటి ఎదురుగా ఆ రెండిళ్ళవాళ్ళు ఇప్పటికీ పెళ్ళిపిలుపులు పిల్చుకోరు. ఓడినోడు ఐదేళ్ళు పగ మోస్తానే ఉంటాడు. ఎందుకొచ్చిన గోల?"

దీనికి నా దగ్గర వెంటనే సమాధానం లేదు. ఆయన చెప్పిన ప్రతి సంఘటనా నిజం. పోటీ అంటే ఊళ్ళో ఎలా ఉంటుందో సిటీలో కూర్చుని సిద్ధాంతం చదివేవాడికి తెలీదు. నాకు తెలుసు.

ఇప్పుడు పుస్తకాలు. పోటీయే ప్రజాస్వామ్యం అని గట్టిగా చెప్పినవాడు జోసెఫ్ షుంపీటర్. 1942లో వచ్చిన 'కాపిటలిజం, సోషలిజం అండ్ డెమోక్రసీ'లో ఆయన వాదన టూకీగా ఇది: ప్రజల సంకల్పం, ఉమ్మడి మంచి లాంటివి ఎక్కడా దొరకని సరుకు. ప్రజాస్వామ్యం ఒక పద్ధతి మాత్రమే. జనం ఓట్ల కోసం నాయకులు పోటీపడతారు, గెలిచినవాడికి నిర్ణయాలు తీసుకునే అధికారం వస్తుంది, అంతే. జనం పని ప్రభుత్వాన్ని తయారుచేయడం వరకే. చదువుతుంటే చాలా పొడిగా ఉంటుంది, ఎవరికీ ఉత్సాహం కలగదు. కానీ ఆ కొలబద్ద పెట్టి చూస్తే మా ఊళ్ళో 2021లో జరిగింది ప్రజాస్వామ్యంలోకే రాదు. ఓట్ల కోసం ఎవరూ ఎవరినీ అడగలేదు.

దీనికి పూర్తి ఎదురుగా నిలబడేవాడు రూసో అని నేననుకునేవాణ్ణి. 1762 నాటి 'సోషల్ కాంట్రాక్ట్'లో ఆయన చెప్పే సామూహిక సంకల్పం అచ్చం మా పెదనాన్న చెప్పే 'ఊరి మాట' లాగే వినిపిస్తుంది. ప్రతివాడికీ సొంత కోరిక ఉంటుంది, దానికి మించి అందరికీ కలిపి ఒక సంకల్పం ఉంటుంది, సభలో అభిప్రాయాలు ఏకాభిప్రాయానికి ఎంత దగ్గరగా వస్తే ఆ సంకల్పం అంత బలంగా ఉన్నట్టు. నేను ఓడిపోతే, ఊరికి ఏది మంచిదో నేను సరిగ్గా తెలుసుకోలేకపోయానన్నమాట. ఇక్కడిదాకా పెదనాన్నకి చదివి వినిపిస్తే సంతోషిస్తాడు.

కానీ అదే చోట, నాలుగో భాగం రెండో అధ్యాయంలో, రూసో ఇంకో మాట అంటాడు. ఏకాభిప్రాయం రెండు కొసల్లోనూ కనిపిస్తుందట. ఒక కొసన, నిజంగా అందరి మేలూ ఒకటైనప్పుడు. రెండో కొసన, మనుషులు బానిసత్వంలోకి జారిపోయి స్వేచ్ఛా, సంకల్పం రెండూ పోగొట్టుకున్నప్పుడు. అప్పుడు భయమూ ముఖస్తుతీ కలిసి ఓటుని జేజేలుగా మార్చేస్తాయి. బయటినుంచి చూసేవాడికి రెండు కొసలూ ఒకేలా ఉంటాయి. రెండుచోట్లా ఓట్ల లెక్క ఒకటే, వ్యతిరేకం సున్నా.

ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మా ఊరు ఏ కొసన ఉంది?

సున్నాని చూసి ఆ సంగతి తేల్చలేం, దాని వెనక ఏముందో వెళ్ళి అడగాల్సిందే. ఎన్నికలైపోయిన పదిహేను రోజులకి ఆమెని డ్వాక్రా ఆఫీసు దగ్గర కలిసి అడిగాను, ఎవరన్నా బెదిరించారా అని.

"బెదిరిచ్చలేదన్నా. అందరూ మంచిగానే చెప్పారు. మంచిగా చెప్పినప్పుడే కాదనడం కష్టం" అంది. వాళ్ళాయన కౌలుకి చేసే రెండెకరాలు ఆరోజు అరుగుమీద కూర్చున్న వాళ్ళలో ఒకరివి. ఆ పొలం ఊసు ఎవరూ ఎత్తలేదట. ఎత్తాల్సిన అవసరం లేదు, అక్కడున్న అందరికీ తెలుసు.

"గెలుస్తాననుకున్నావా?" అన్నాను.

"లేదు. గెలవనని నాకూ తెలుసు. ఎన్నొస్తాయో తెలిస్తే చాలనుకున్నా. రెండొందలొచ్చినా చాలు. మా లైన్లో కాల్వ తియ్యమని అడగటానికి పోయినప్పుడు, ఈమెనక రెండొందల మందున్నారని వాళ్ళకి గుర్తుండేది. ఇప్పుడు నేనొక్కదాన్నే కదా."

ఆ తర్వాత నేను చదివిన పుస్తకాలన్నీ ఈ నాలుగు మాటలకి వ్యాఖ్యానంలాగే కనిపించాయి. ఎన్నిక అంటే ఎవరు గెలిచారో తేల్చేది అనుకుంటాం. ఆమెకి ఎన్నిక అంటే ఎంతమంది కాదన్నారో లెక్కపెట్టి, ప్రభుత్వ ముద్ర వేసి, ఒక కాగితం మీద పెట్టేది. గెలిచినవాడికి కుర్చీ వస్తుంది, ఓడినవాడికి అంకె వస్తుంది. ఏకగ్రీవంలో కుర్చీ ఎవరిదో వాళ్ళకి చేరుతుంది, అంకె మాత్రం అసలు పుట్టదు.

అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ డాల్ 1971లో 'పాలియార్కీ' అనే పుస్తకంలో దీన్ని చక్కగా విడదీశాడు. ప్రజాస్వామ్యం వైపు ప్రయాణాన్ని ఒకే గీత మీద కొలవలేం, రెండు గీతలు కావాలంటాడు. ఒకటి, ఎంతమందికి పాల్గొనే హక్కుంది. రెండు, ఉన్న అధికారాన్ని బహిరంగంగా ఎదిరించి పోటీపడే వీలెంతుంది. ఒకటి పెరిగితే రెండోది దానంతటది పెరగదు. స్కూల్లో ఎక్స్ యాక్సిస్, వై యాక్సిస్ గీసిన ఎవరికైనా ఇది ఇట్టే అర్థమవుతుంది.

ఇప్పుడు మా ఊరి సర్పంచ్ కుర్చీని ఈ గ్రాఫ్ మీద పెట్టండి. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దళితులకి జనాభా నిష్పత్తిలో, మహిళలకి కనీసం మూడోవంతు స్థానాలు తప్పనిసరి చేసింది. ఆంధ్రలో మహిళల వాటా సగం. అంటే మొదటి గీత మీద ఆ కుర్చీ చాలా దూరం వెళ్ళింది, మా తాతల కాలంలో ఊహకి కూడా అందనంత దూరం. సరిగ్గా అదే కుర్చీకి, అదే ఏడు, 10 లక్షల బహుమతి చూపించి రెండో గీత మీద వెనక్కి లాగారు. రాజ్యాంగం ఆ ఇద్దరు ఆడవాళ్ళకీ హక్కిచ్చింది. ఇద్దరిలో ఎవరు దాన్ని వాడుకోవాలో అరుగుమీద కూర్చున్నవాళ్ళు తేల్చారు. అరుగుమీద ఉన్నవాళ్ళెవరికీ ఆ పదవికి నిలబడే అర్హత లేదు. నేనూ వాళ్ళింటి పిల్లాడినే కాబట్టి ఆ అరుగు ఎలా పనిచేస్తుందో లోపలినుంచి తెలుసు. అక్కడెవరూ కుట్ర చెయ్యరు. కుట్ర చెయ్యాల్సిన పనిలేకుండానే ఆ ఏర్పాటు నడుస్తుంది.

ఈ పంచాయితీ మన దేశంలో కొత్తది కాదు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ముసాయిదా ప్రవేశపెడుతూ అంబేడ్కర్ గ్రామాలని పొగిడేవాళ్ళని చాలా కటువుగా ఖండించాడు. గ్రామం యూనిట్‌గా ఉండాలన్నవాళ్ళ కోరికని పక్కన పెట్టి వ్యక్తిని యూనిట్‌గా తీసుకున్నందుకు సంతోషమన్నాడు. అదే నెలలో గాంధేయవాదుల ఒత్తిడితో గ్రామ పంచాయతీల గురించి 40వ అధికరణం వచ్చి చేరింది. పదకొండేళ్ళ తర్వాత, 1959లో జయప్రకాశ్ నారాయణ్ భారత రాజకీయ వ్యవస్థని తిరగరాయాలంటూ చేసిన ప్రతిపాదనలో, పార్టీలూ పోటీలూ ఊరిని చీలుస్తాయి, పార్టీరహితంగా ఏకాభిప్రాయంతో నడవాలి అన్నాడు. ఊరిని ఒక కుటుంబంలా చూసిన చూపు అది. జేపీ మీద నాకు గౌరవం ఉంది. కానీ కుటుంబం అనే పోలికలోనే చిక్కుంది. కుటుంబంలో ఎవరి మాట చెల్లుతుందో, ఎవరు వంటింట్లోంచి వింటారో మనందరికీ తెలిసిందే కదా.

అంబేడ్కర్ భయం ఎంత నిజమో చూడాలంటే మదురై జిల్లా చూడాలి. అక్కడ పాప్పాపట్టి, కీరిపట్టి పంచాయతీలు 1996లో దళితులకి రిజర్వయ్యాయి. 2006 దాకా పదేళ్ళపాటు అక్కడ సర్పంచ్ నిలబడి పనిచెయ్యలేకపోయాడు. నామినేషన్లు పడకపోవడం, పడినా గెలిచినవాళ్ళు వెంటనే రాజీనామా చెయ్యడం. అదీ ఒక రకం ఊరి మాటే, ఒక రకం ఏకాభిప్రాయమే. ఇంకో కొసన డబ్బుంటుంది. 2021 జనవరిలో మహారాష్ట్ర రాష్ట్ర ఎన్నికల సంఘం నాసిక్ జిల్లాలోని ఉమ్రాణేలోనూ, నందుర్బార్ జిల్లాలోని ఖొండామళీలోనూ పదవులకి వేలంపాట జరిగిందని ఎన్నికలే రద్దు చేసింది. పాట పాడినవాడికి పోటీ ఉండదు కాబట్టి, రద్దు చెయ్యకపోతే కాగితం మీద అవీ ఏకగ్రీవాలే.

ఇంతా రాశాక కూడా మా పెదనాన్న ప్రశ్న అలాగే ఉంది. 2013లో అమ్ముకున్న ఎకరంన్నర సంగతేంటి? పోటీ వల్ల మనుషులు విరిగిపోవడం అబద్ధం కాదు కదా. ఈ ప్రశ్నని నాకు తెలిసినంతలో అందరికన్నా నిజాయితీగా పట్టించుకున్నది జేన్ మాన్స్‌బ్రిడ్జ్. 1980లో వచ్చిన ఆమె పుస్తకం 'బియాండ్ అడ్వర్సరీ డెమోక్రసీ'. ఏకాభిప్రాయాన్ని ప్రేమించే మనిషే, దాన్ని దగ్గరగా వెళ్ళి చూసి రాసిన పుస్తకం.

ఆమె ప్రజాస్వామ్యాన్ని రెండు నమూనాలుగా చూస్తుంది. ఒకటి స్నేహితుల మధ్య నడిచేది: ముఖాముఖి మాట్లాడుకుంటారు, ఓటింగ్ ఉండదు, అందరూ ఒప్పుకునేదాకా చర్చిస్తారు, అందరికీ సమాన గౌరవం ఉంటుంది. రెండోది ప్రత్యర్థుల మధ్య నడిచేది: రహస్య ఓటు, మెజారిటీ లెక్క, ప్రతివాడి ప్రయోజనానికీ సమాన రక్షణ. ఏది మంచిది అనే ప్రశ్నే తప్పంటుంది. ఆ విషయంలో మన ప్రయోజనాలు ఒకటేనా, వేరువేరా అని ముందు అడగాలి. ఒకటే అయితే మొదటి నమూనా పనికొస్తుంది, ఊరికే ఓట్లు పెట్టి మనుషుల్ని చీల్చడం దండగ. వేరైతే రెండోది తప్పదు. ప్రయోజనాలు వేరై ఉండగా మొదటి నమూనా వాడితే, బలహీనుడి నష్టం స్నేహం పేరుతో కనపడకుండా పోతుంది.

ఇదంతా ఆమె కుర్చీలో కూర్చుని రాయలేదు. వెర్మాంట్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరి టౌన్ మీటింగ్‌కి వెళ్ళి, ఇళ్ళకి వెళ్ళి మాట్లాడింది. ప్రత్యక్ష ప్రజాస్వామ్యానికి అమెరికన్లు దేవాలయంలా చూపించే సభ అది. అక్కడ కూడా ఊరి మధ్యలో ఉండేవాళ్ళు, పాతకాపులు, మాట నేర్పున్నవాళ్ళే ఎక్కువ మాట్లాడారు. శివారువాళ్ళు, పేదవాళ్ళు తక్కువ వచ్చారు, వచ్చినా నోరు విప్పలేదు. నవ్వుతారేమో, గొడవవుతుందేమో అనే భయం. ఆ పేజీలు చదువుతుంటే వేపచెట్టు కింద నిలబడ్డ నలుగురు గుర్తొచ్చారు. అక్కడి మనుషులెవరో నాకు తెలీదు, ఆ నిలబడటం మాత్రం తెలుసు.

ఈ నమూనాతో చూస్తే పెదనాన్న పొరబాటు ఎక్కడుందో కనిపిస్తుంది. రామాలయం తిరునాళ్ళ ఏ రోజు, చెరువు పూడిక ఎప్పుడు తియ్యాలి లాంటివాటికి అరుగు సరిపోతుంది. కానీ 10 లక్షలతో ఏ వీధికి రోడ్డెయ్యాలి అన్నచోట మా వీధికీ కాలనీకీ ప్రయోజనం ఒకటి కాదు. అక్కడ ఊరి మాట అంటే ఎవరో ఒకరి మాటే.

మరి ఏకాభిప్రాయాన్ని పరీక్షించే మార్గమే లేదా? ఉంది. నాకది రాజనీతి పుస్తకాల్లో కన్నా ముందు నా ఉద్యోగంలో ఎదురైంది. ఇంటర్నెట్ నడవడానికి కావల్సిన ప్రమాణాలు తయారుచేసే సంస్థ ఐఈటీఎఫ్. వాళ్ళు సాధారణంగా ఓట్లు లెక్కపెట్టరు. 'రఫ్ కన్సెన్సస్' అంటారు, అంటే మోటు ఏకాభిప్రాయం. మీటింగులో చేతులెత్తమనకుండా, ఒప్పుకునేవాళ్ళని నోరు మూసుకుని 'ఊఁ' అని గొంతులోంచి శబ్దం చెయ్యమంటారు. వినడానికి తమాషాగా ఉంటుంది. 2014లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 7282 అనే పత్రం ఈ పద్ధతి వెనకున్న తర్కాన్ని వివరిస్తుంది. దాని సారాంశం ఇది: ఏకాభిప్రాయం కుదిరిందా లేదా అన్నది ఒప్పుకున్నవాళ్ళ సంఖ్య బట్టి తేలదు. కాదన్నవాళ్ళ అభ్యంతరం ఏమిటో విన్నారా, దానికి సమాధానం చెప్పారా అన్నదాన్ని బట్టి తేలుతుంది. అందుకే 100 మంది ఔనని, 5గురు కాదన్నా, ఆ 5గురి అభ్యంతరానికి జవాబు లేకపోతే ఏకాభిప్రాయం లేనట్టే. 5గురు ఔనని, 100 మంది కాదన్నా, ఆ వందమంది అభ్యంతరాలకీ జవాబు దొరికి ఉంటే ఉన్నట్టే కావచ్చు.

నా రోజువారీ పనిలో దీనికి పూర్తి వ్యతిరేకమైనది ఒకటుంది. కోడ్ రివ్యూలో నలుగురూ వరసగా 'ఎల్‌జీటీఎం' అని పెట్టేస్తారు, 'నాకు బానే అనిపించింది' అని. నలుగురిలో ఒక్కరు కూడా చదివి ఉండరు. ఒక్క కామెంట్ లేని రివ్యూని చూస్తే అనుభవమున్న ఏ ఇంజనీరుకైనా ముందు అనుమానమే వస్తుంది.

ఐఈటీఎఫ్ కొలబద్ద మా ఊరికి పెడితే? ఒకసారి భోజనాల దగ్గర పెదనాన్నని అడిగాను.

"పెదనాన్నా, ఆ అమ్మాయి అసలెందుకు నిలబడదామనుకుందో కనుక్కున్నారా?"

"ఏముందిరా, చదువుకుంది, పదవి మీద ఆశ."

"అడిగారా?"

ఆయన మజ్జిగ పోసుకుంటూ కొంచెంసేపు ఆగాడు. "అడగలేదురా" అన్నాడు.

ఆయన గురించి నాకు గౌరవం ఉన్నది ఇందుకే. అబద్ధం చెప్పలేదు. కానీ ఆ ఒక్కమాటతో పరీక్ష పూర్తయింది. ఆమె అభ్యంతరం కాలనీ కాల్వ. వానాకాలం మురుగు ఇళ్ళల్లోకి వస్తుంది, మూడేళ్ళుగా గ్రామసభలో అడిగినా రాసుకోలేదు, అసలు గ్రామసభ పుస్తకంలో సంతకాలు తర్వాత ఇంటికి తెచ్చి పెట్టించుకుంటారు. దీనికి జవాబు చెప్పి, ఒప్పించి, ఆ తర్వాత ఆమె తప్పుకుని ఉంటే దాన్ని నేను కూడా ఏకగ్రీవం అనేవాణ్ణి. టపాకాయల దగ్గర నేనూ నిలబడేవాణ్ణి.

ఇక్కడ చిన్న మెలిక ఉంది. అభ్యంతరం విని జవాబు చెప్పాల్సిన అవసరం బలవంతుడికి ఎందుకొస్తుంది? వినకపోతే ఆమె పోటీలో ఉండిపోతుంది, రహస్య ఓటుంది, ఎన్ని పడతాయో ఎవరికీ తెలీదు అన్న భయం ఉంటేనే వస్తుంది. అంటే నిజమైన ఏకాభిప్రాయం కావాలన్నా, వెనకాల పోటీ అనే అవకాశం బతికుండాలి. ఆడం ప్షెవోర్‌స్కీ 1991లో ప్రజాస్వామ్యాన్ని పార్టీలు ఎన్నికల్లో ఓడిపోయే వ్యవస్థగా వర్ణించాడు. ఓడిపోయే వీలు లేనిచోట ఎవరూ ఎవరినీ బతిమాలరు. మాన్స్‌బ్రిడ్జ్ చెప్పిన రెండు నమూనాలూ పక్కపక్కన ఉండేవి కావేమో అని నాకనిపిస్తుంది. రెండోది పునాది, మొదటిది దానిమీద కట్టుకునే ఇల్లు. ఏకగ్రీవానికి బహుమతి ఇవ్వడమంటే పునాది తవ్వి ఇటుకలు అమ్ముకోవడం.

ఊరు చీలకూడదన్న కోరికకి ప్రభుత్వం డబ్బే ఇవ్వాలనుకుంటే వేరే దారులున్నాయి. నిజంగా జరిగిన గ్రామసభకి ఇవ్వొచ్చు, మినిట్స్ పుస్తకంలో అభ్యంతరాలూ వాటి జవాబులూ రాసిన పంచాయతీకి ఇవ్వొచ్చు. అభ్యర్థి ఒక్కరే మిగిలినా ఓటింగ్ పెట్టి, నోటా మీట పక్కన ఉంచొచ్చు. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన నోటా వల్ల ఎవరూ ఓడిపోవడం లేదని నవ్వుతుంటారు గానీ, ఒక ఊళ్ళో 200 నోటాలు పడితే అదొక అంకె. ఒక్కరే అభ్యర్థి ఉన్నచోటే ఆ అంకె అవసరం ఎక్కువ.

2022 వేసవికి మా ఊళ్ళో సిమెంటు రోడ్డు పడింది. మెయిన్ రోడ్డు నుంచి రామాలయం దాకా. బాగానే వేశారు, మా కారు కూడా ఇప్పుడు ఇంటిదాకా వస్తుంది. కాలనీ కాల్వ మాత్రం కదల్లేదు.

ఆ ఏడు వానలకి ముందు ఆమె ఒక నోట్‌బుక్ పట్టుకుని కాలనీ అంతా తిరిగి సంతకాలు పెట్టించింది. కాల్వ కోసం అర్జీ. బీసీ వీధిలో కొన్ని ఇళ్ళవాళ్ళు కూడా పెట్టారు. మొత్తం 214. ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపింది, ఇంగ్లీషులో కలెక్టరేట్‌కి ఉత్తరం రాసివ్వమని. రాసిచ్చాను. 214 దగ్గర చాలాసేపు చూస్తూ ఉండిపోయాను, ఎన్నిక ఆమెకి ఇవ్వని అంకె ఇదేనేమో అని. కానీ ఇది అది కాదు. సంతకం అందరికీ కనపడేది, ఓటు ఎవరికీ కనపడనిది. రామాలయం వీధిలో కూడా ఆమెకి ఓటేద్దామనుకున్నవాళ్ళు ఉండి ఉండొచ్చు, వాళ్ళు ఆ నోట్‌బుక్‌లో సంతకం పెట్టరు. వాళ్ళు నలుగురో నలభై మందో తెలుసుకునే రోజు 2021 ఫిబ్రవరిలో ఒకటి రావాల్సింది. మా ఊరు దాన్ని 10 లక్షలకి అమ్మేసింది.